డెంగీ, చికున్‌గన్యా ఒకేసారి వ్యాపిస్తుంటే లెక్క ఎలా కట్టాలి: ఎక్సెల్‌లో జంట వ్యాధుల మోడల్

వానలు మొదలై నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో ఏ క్లినిక్ ముందు చూసినా జ్వరాలే. ఒకరికి ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని టెన్షన్. ఇంకొకరు కీళ్లు పట్టేసి మెట్లు దిగలేకపోతుంటారు. మొదటిది డెంగీ, రెండోది చికున్‌గన్యా అని విడదీసి చెప్పుకుంటాం గానీ మన ఊళ్లో రెంటినీ ప్రధానంగా మోసేది ఒకే దోమ, ఏడిస్ ఈజిప్టి.

ఇలాంటి జంట వ్యాధుల మీద ప్రాజెక్టు చేసే స్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ విద్యార్థులు ఎక్కువగా చేసేది ఒకటే: ఒక్కో వ్యాధికి ఒక్కో మోడల్ రాసి, చివర్లో రెండు గీతల్నీ కూడేయడం. కొన్నిసార్లు అది సరిపోతుంది కూడా. ఎప్పుడు సరిపోతుందో తెలియకుండా కూడటంతోనే ఇబ్బంది. రెండు వ్యాధులు అసలు ఎక్కడ తగులుకుంటున్నాయో ముందు తేల్చుకుంటే మిగతా పని ఎక్సెల్‌లోనే అయిపోతుంది. పైథాన్ వస్తే మంచిదే, రాకపోయినా ఫర్వాలేదు. ఇంటర్ ఎంపీసీ లెక్కలు గుర్తుంటే చాలు.

ముందు కాగితం తీసుకోండి

ఎక్సెల్ తెరవకుండా ఒక తెల్లకాగితం మీద రెండు వ్యాధుల పేర్లు రాసి, ఒకదాని వల్ల రెండోదానికి ఏం మారుతుందో రాసుకోండి. నాలుగు చోట్ల వెతకాలి: ఒంట్లో, మోసే దోమలో, మనుషుల ప్రవర్తనలో, ల్యాబ్‌లో.

జంటను బట్టి జవాబు మారుతుంది. హెచ్‌ఐవీ, టీబీ జంటలో ముడి ఒంట్లోనే ఉంది: హెచ్‌ఐవీ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తే లోపల నిద్రపోతున్న టీబీ లేస్తుంది. డెంగీలోనే ఉన్న నాలుగు రకాల్ని విడివిడిగా తీసుకుంటే అక్కడా ఒంట్లోనే. ఒక రకం వచ్చి తగ్గాక కొన్ని నెలలు మిగతా రకాల నుంచి కొంత రక్షణ, ఆ తర్వాత వేరే రకం వస్తే జబ్బు ముదిరే ప్రమాదం.

మన జంట అలా కాదు. డెంగీది ఫ్లావివైరస్ వర్గం, చికున్‌గన్యాది ఆల్ఫావైరస్ వర్గం. ఒకటి వచ్చి తగ్గినంత మాత్రాన రెండోది రాకుండా ఆగుతుందని అనుకోవడానికి పెద్ద కారణం లేదు. కాబట్టి ఒంట్లో అనే గడి ఎదురుగా ‘ఏమీ మారదు’ అని రాసుకుని మొదలుపెట్టండి, అవసరమైతే తర్వాత మారుద్దాం. ప్రవర్తన గడిలో జ్వరం వచ్చినవాడు ఇంటిపట్టున ఉంటాడు అని రాయండి, కానీ ఈ దోమ ఇంట్లోనే, పగలే కుడుతుంది కనుక దానివల్ల వచ్చే తేడాను మొదటి మోడల్‌లో వదిలేయొచ్చు. మిగిలినవి దోమ, ల్యాబ్. అసలు కథంతా ఈ రెంటిలోనే ఉంది.

ఒక్క రోగితో వేళ్ల మీద లెక్క

ఈ లెక్కకు మన ఊరితో చుట్టరికం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేట దగ్గర, దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. అంతవరకు స్కూల్లో చదువుకున్నదే. ఆ తర్వాత ఆయన చేసిన లెక్కల పని గురించే మనవాళ్లు పెద్దగా మాట్లాడరు. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గిస్తే వ్యాధి దానంతటదే ఆరిపోతుందని ఆయన సమీకరణాలతో చూపించాడు. 1950ల్లో మలేరియా నిపుణుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ అదే లెక్కలో దోమ ఎన్నాళ్లు బతుకుతుందన్నది ఎంత కీలకమో బయటపెట్టాడు. మనం వాడబోయేది ఆ ఇద్దరి లెక్కే.

ఒక కాలనీలో తలకు 2 దోమలు ఉన్నాయనుకోండి. ఒక్కో దోమ రెండు రోజులకోసారి మనిషిని కుడుతుంది, అంటే రోజుకు 0.5 కాటు. కాటుతో వైరస్ అంటుకునే అవకాశం మనిషి నుంచి దోమకైనా, దోమ నుంచి మనిషికైనా 0.4. దోమ సగటు ఆయుష్షు 10 రోజులు. మనిషి రక్తంలో వైరస్ దోమకు అందేంతగా ఉండేది 5 రోజులు. ఇవి హైదరాబాద్‌లో కొలిచిన అంకెలు కావు, చేతి లెక్కకు సులువుగా ఉండాలని తీసుకున్నవి.

ఇప్పుడు ఒక్క డెంగీ రోగిని తీసుకోండి. రోజుకు 2 × 0.5 = 1 కాటు తింటాడు. 5 రోజులకు 5 కాట్లు. వాటిలో 0.4 వంతు, అంటే 2 దోమలకు వైరస్ ఎక్కుతుంది. ఎక్కిన వెంటనే దోమ దాన్ని ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని పొట్ట దాటి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. డెంగీకి అందుకు 8 నుంచి 12 రోజులు పడుతుంది, 10 అనుకుందాం. సగటు ఆయుష్షే 10 రోజులైన దోమ ఆ 10 రోజులూ బతికే అవకాశం 37 శాతం (ఎక్సెల్‌లో ఈఎక్స్‌పీ ఫంక్షన్‌కు మైనస్ 1 ఇస్తే వచ్చేది ఇదే). 2 దోమల్లో మిగిలేవి 0.74. మిగిలిన దోమ అక్కడి నుంచి సగటున ఇంకో 10 రోజులు బతుకుతుంది, 5 కాట్లు వేస్తుంది, ఇద్దరికి అంటిస్తుంది. 0.74 × 2 = 1.47 అని షీట్ చూపిస్తుంది. మధ్యలో రౌండ్ చేయకపోతే వచ్చే అంకె అది. ఒక రోగి నుంచి 1.47 మంది కొత్త రోగులు. పుస్తకాల్లో ఆర్ నాట్ అనేది దీన్నే.

చికున్‌గన్యాకు ఒకే ఒక్క అంకె మార్చండి. దాని వైరస్ దోమలో చాలా త్వరగా సిద్ధమవుతుంది, 4 రోజులు అనుకోండి. 4 రోజులు బతికే అవకాశం 67 శాతం. 2 × 0.67 × 2 = 2.68. అదే కాలనీ, అవే దోమలు, అవే కాట్లు. ఆరు రోజుల తేడాకే ఇంత!

ఇక్కడే ఒక ప్రయోగం చేసి చూడండి. ఫాగింగ్ లాంటి దానివల్ల దోమ సగటు ఆయుష్షు 10 నుంచి 7 రోజులకు పడిందనుకుందాం. డెంగీ 0.67కు దిగిపోతుంది, అంటే ఆరిపోయే దారిలో పడినట్టే. చికున్‌గన్యా మాత్రం 1.58 దగ్గర ఆగుతుంది, ఇంకా పెరుగుతూనే ఉంటుంది. అలా కాకుండా ఆయుష్షును ముట్టుకోకుండా దోమల సంఖ్యను సగం చేస్తే? డెంగీ 0.74, చికున్‌గన్యా 1.34. రెండు వ్యాధుల్నీ ఒకే దోమ మీద కూర్చోబెట్టి లెక్క కట్టడం వల్ల వచ్చే లాభం ఇది. ఏ చర్య దేన్ని ఎంత కొడుతుందో ఒకే షీట్‌లో పక్కపక్కన కనిపిస్తుంది. మీ ప్రాజెక్టులో ఇంకేం చేయలేకపోయినా ఈ చేతి లెక్క ఒక్కటీ చేసి పెట్టండి.

తొమ్మిది గడులు

ఇప్పుడు మనుషుల్ని గడుల్లో పెట్టాలి. ఎస్ అంటే ఇంకా రానివాళ్లు, ఐ అంటే ఇప్పుడు వైరస్ ఉన్నవాళ్లు, ఆర్ అంటే తగ్గినవాళ్లు. ఇది ఎస్‌ఐఆర్ మోడల్ (ఓటర్ల జాబితా ఎస్‌ఐఆర్‌తో దీనికే సంబంధమూ లేదు). 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ దీన్ని రాసి బొంబాయి ప్లేగు మరణాలతో సరిచూశారు. మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసినవాడే.

రెండు వ్యాధులుంటే ప్రతి మనిషికీ రెండక్షరాల చిరునామా ఇవ్వండి. మొదటి అక్షరం డెంగీది, రెండోది చికున్‌గన్యాది. ఎస్‌ఎస్ అంటే రెండూ రానివాడు. ఐఎస్ అంటే డెంగీతో ఉన్నాడు, చికున్‌గన్యా ఇంకా రాలేదు. ఆర్‌ఐ అంటే డెంగీ తగ్గి చికున్‌గన్యాతో ఉన్నవాడు. ఐఐ అంటే పాపం రెండూ ఒకేసారి. ఇలా మూడు మూళ్లు తొమ్మిది. షీట్‌లో తొమ్మిది కాలమ్‌లు, వరుసకు ఒక రోజు. కుట్టినప్పటి నుంచి జ్వరం వచ్చేదాకా ఉండే నాలుగైదు రోజుల్ని కూడా పెట్టాలంటే గడులు పదహారవుతాయి. మొదటిసారే దాని జోలికి పోకండి.

దోమలకు రెండు కాలమ్‌లు చాలు: డెంగీ అంటించగల దోమల వాటా, చికున్‌గన్యా అంటించగల దోమల వాటా. రెండు వైరస్‌లనూ ఒకే దోమ మోయగలదని, లాలాజలంతో వదలగలదని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. అయినా మోడల్‌లో అలాంటి దోమకు వేరే గడి పెట్టడం అనవసరం. కాలనీలో ఒక రోజున 3 శాతం మందికి వైరస్ ఉన్నా ఒక దోమకు జీవితం మొత్తంలో అది ఎక్కే అవకాశం 0.5 × 0.4 × 0.03 × 10, అంటే 6 శాతమే. రెండూ ఎక్కిన దోమలు అందులో ఇంకెంత ఉంటాయి? వదిలేయండి. కొత్తగా మోడల్ రాసేవాళ్లు గడులు పెంచితే మోడల్ గొప్పదవుతుందనుకుంటారు. పెరిగేది తప్పులు వెతుక్కునే రాత్రులే.

ఇక సూత్రాలు. రోజూ నాలుగు రకాల లెక్కలు పడాలి.

డెంగీ ఒత్తిడి = తలకు దోమలు × రోజు కాట్లు × అంటుకునే అవకాశం × డెంగీ అంటించగల దోమల వాటా. మన అంకెలతో 0.4 × ఆ వాటా. చికున్‌గన్యా ఒత్తిడీ అంతే.

ఈరోజు కొత్తగా డెంగీ ఎక్కిన దోమల వాటా = 0.5 × 0.4 × (ఐఎస్ + ఐఐ + ఐఆర్) ÷ మొత్తం జనం.

రేపు డెంగీ అంటించగల దోమల వాటా = ఈరోజు వాటా × 0.9 + పది రోజుల కిందట కొత్తగా ఎక్కిన వాటా × 0.37. (దోమ ఆయుష్షు 10 రోజులు కాబట్టి రోజుకు పదో వంతు పోతాయి, 0.9 మిగులుతుంది.) చికున్‌గన్యాకు పది రోజుల చోట నాలుగు, 0.37 చోట 0.67. షీట్ మొదట్లో వెనక్కి చూడటానికి వరుసలు ఉండవు కాబట్టి అక్కడ సున్నాలు పెట్టుకోండి.

నాలుగోది మనుషుల గడులు. ప్రతి గడికీ వచ్చేవాళ్లను కలిపి, పోయేవాళ్లను తీసేయాలి. అన్నిటికంటే తిరకాసుది ఐఐ, అది రాయగలిగితే మిగతావన్నీ వస్తాయి:

రేపటి ఐఐ = ఈరోజు ఐఐ + సిగ్మా × చికున్‌గన్యా ఒత్తిడి × ఐఎస్ + సిగ్మా × డెంగీ ఒత్తిడి × ఎస్‌ఐ − 0.2 × ఐఐ − 0.2 × ఐఐ.

0.2 అంటే వైరస్ 5 రోజులు ఉంటుంది కాబట్టి రోజుకు ఐదో వంతు మందికి తగ్గడం. చివర్లో అది రెండుసార్లు ఎందుకంటే రెండు జబ్బులూ విడివిడిగా తగ్గుతాయి. డెంగీ ముందు తగ్గినవాడు ఆర్‌ఐకి వెళ్తాడు, చికున్‌గన్యా ముందు తగ్గినవాడు ఐఆర్‌కి. ఇద్దర్నీ నేరుగా ఆర్‌ఆర్‌లో వేయడం ఈ మోడల్‌లో అందరూ చేసే పొరపాటు. సిగ్మా అంటే కాగితం మీద ‘ఒంట్లో’ అని రాసుకున్న గడి. ఒక జబ్బుతో ఉన్నవాడికి రెండోది అంటడం తేలికైతే 1 కంటే ఎక్కువ, కష్టమైతే తక్కువ, తేడా లేకపోతే 1. మన జంటకు 1తో మొదలుపెడతాం.

లక్ష మంది జనంతో, పదిమంది డెంగీ రోగులు, పదిమంది చికున్‌గన్యా రోగులతో నడపండి. అందరినీ ఎస్‌ఎస్‌లో పెట్టడం మొదటిసారికే. 2006లో చికున్‌గన్యా అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశంలో చాలా రాష్ట్రాల్ని ఊపేసింది. అప్పుడు వచ్చి తగ్గినవాళ్లకు రక్షణ చాలా ఏళ్లు ఉంటుందని నమ్మిక. జనంలో 40 శాతం మందికి ఇప్పటికే వచ్చి తగ్గిందనుకుంటే 2.68 కాస్తా 2.68 × 0.6 = 1.61 అవుతుంది. అందుకే ఎస్‌ఆర్ గడిలో మొదటిరోజు ఎంతమందిని పెట్టారో రిపోర్టులో తప్పకుండా రాయండి.

షీట్‌ను నమ్మే ముందు

రెండు పరీక్షలు పెట్టండి. తొమ్మిది గడుల మొత్తం ప్రతిరోజూ లక్షే ఉండాలి. ఒక్క మనిషి తగ్గినా ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లే లెక్క ఎక్కడో తప్పింది. రెండో పరీక్ష ఇంకా గట్టిది. సిగ్మా 1 ఉన్నప్పుడు ఐఎస్, ఐఐ, ఐఆర్ కలిపి గీసిన డెంగీ గీత, చికున్‌గన్యా ఊసే లేకుండా విడిగా నడిపిన డెంగీ గీతతో దశాంశాల దాకా కలవాలి. కలవకపోతే మీకు తెలియకుండా రెండు వ్యాధుల మధ్య ఏదో ముడి వేసేశారన్నమాట. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఒంట్లో ముడి లేకపోతే, కేసుల మొత్తమే కావాలంటే, విడివిడి మోడల్స్ కూడినా తప్పులేదు. రెండూ ఒకేసారి ఉన్నవాళ్లు ఎందరో కావాలన్నా, పరీక్షల లెక్కతో పోల్చాలన్నా తొమ్మిది గడులు కావాలి.

ల్యాబ్ చేసే మాయ

ఆసుపత్రి డేటా చేతికి రాగానే చాలామంది ఒక పట్టిక వేస్తారు: డెంగీ పాజిటివ్ వచ్చినవాళ్లలో చికున్‌గన్యా ఎందరికి, నెగెటివ్ వచ్చినవాళ్లలో ఎందరికి. ఆ పట్టిక చూసి డెంగీ వస్తే చికున్‌గన్యా రాదట అని రాసేస్తారు. ఆగండి.

లక్ష మంది ఉన్న ప్రాంతంలో ఒక వారం 2,000 మందికి డెంగీ, 1,000 మందికి చికున్‌గన్యా ఉన్నాయనుకుందాం. రెంటికీ ఏ సంబంధమూ లేదు. కాబట్టి రెండూ ఉన్నవాళ్లు వెయ్యిలో 2 శాతం, అంటే 20 మంది. ఇంకో 3,000 మందికి టైఫాయిడో మామూలు వైరల్ జ్వరమో. వీళ్లందరూ జ్వరంతో ఆసుపత్రికి వచ్చారు, అందరికీ రెండు పరీక్షలూ చేశారు. మొత్తం 5,980 మంది. డెంగీ పాజిటివ్ 2,000 మందిలో చికున్‌గన్యా ఉన్నది 20 మందికి, అంటే 1 శాతం. డెంగీ నెగెటివ్ 3,980 మందిలో 980 మందికి, అంటే దాదాపు 25 శాతం!

పరీక్షలో ఏ లోపమూ లేదు, రెండు వైరస్‌ల మధ్య ఏ వైరమూ లేదు. జ్వరం ఉన్నవాళ్లే ఆసుపత్రికి రావడం వల్ల పుట్టిన తేడా ఇది. ఒకరికి డెంగీ లేదంటే ఆ జ్వరానికి ఇంకేదో కారణం ఉండి తీరాలి కదా! దీన్ని బెర్క్‌సన్ బయాస్ అంటారు. ఈ పట్టికను చూసి సిగ్మాను 0.04 చేసేవాళ్లుంటారు. మీ మోడల్‌లో అలా చేయకండి.

పైగా అందరికీ రెండు పరీక్షలూ చేస్తారనుకోవడం కూడా అత్యాశే. డెంగీకి చేసే ఎన్‌ఎస్1 పరీక్షలో పాజిటివ్ వచ్చాక, ప్లేట్‌లెట్లు చూసుకుంటూ కూర్చున్న ఇంట్లో మళ్లీ చికున్‌గన్యా పరీక్షకు డబ్బులెవరు కడతారు? అందుకని షీట్‌లో ఒక ల్యాబ్ భాగం కలపండి. ప్రతిరోజూ కొత్తగా డెంగీ వచ్చినవాళ్లలో ఎంత శాతం పరీక్షకు వస్తారు, చికున్‌గన్యా వచ్చినవాళ్లలో ఎంత శాతం వస్తారు, డెంగీ పాజిటివ్ అయినవాళ్లలో ఎంత శాతానికి రెండో పరీక్ష చేస్తారు అని మూడు అంకెలు. మోడల్‌లోని అసలు రోగుల్ని ఈ జల్లెడలోంచి పంపి, బయటికి వచ్చినదాన్నే ఆసుపత్రి లెక్కతో పోల్చాలి. అసలు రోగుల్ని నేరుగా పోల్చొద్దు.

డేటా ఏ పరీక్షదో కూడా అడిగి రాసుకోండి. ఎన్‌ఎస్1 జ్వరం మొదలైన మొదటి అయిదు రోజుల్లో బాగా పట్టుకుంటుంది, రక్తంలో యాంటీబాడీలను వెతికే ఐజీఎం పరీక్ష ఆ తర్వాత. ప్రైవేటులో చేసే కార్డు టెస్ట్ పాజిటివ్‌లను ప్రభుత్వం ఖరారైన డెంగీగా లెక్కలోకి తీసుకోదు, ల్యాబ్‌లో చేసే ఎలైజా పరీక్ష కావాలి. కార్డు, ఎలైజా రెండూ ఒకే కాలమ్‌లో కలిపి ఇచ్చిన షీట్ వస్తే విడదీయమని అడగండి. విడదీయలేమంటే ఆ వారాల్ని వదిలేయడం మేలు.

అంకెల్ని డేటాకు సరిపెట్టడం

తలకు దోమలు, కాట్లు, అంటుకునే అవకాశం లెక్కలో ఎప్పుడూ ఒకదానితో ఒకటి గుణించుకునే వస్తాయి. వారం వారం కేసుల్ని చూసి వీటిని విడివిడిగా తేల్చడం కుదరదు, ఎక్సెల్‌లో సరిపోయే అంకెల్ని వెతికిపెట్టే సాల్వర్‌ను ఎన్నిసార్లు నొక్కినా. కాట్లు, అంటుకునే అవకాశం, వైరస్ సిద్ధమయ్యే రోజులు బయటి అధ్యయనాల నుంచి తీసుకుని బిగించేయండి. తలకు దోమలు, ఒక్కో వ్యాధికి పరీక్షకు వచ్చే శాతం, ఈ మూడింటినే వదలండి. తలకు దోమలు రెండు వ్యాధులకూ ఒకటే ఉండాలి, అది మరవొద్దు. డెంగీకి 2.1, చికున్‌గన్యాకు 1.3 అని వేర్వేరుగా సరిపెట్టారంటే ఒకే దోమ అన్న మాటను మీరే కొట్టేసినట్టు. అలా తప్ప గీత కలవడం లేదంటే మొదటిరోజు ఎస్‌ఆర్ గడిని అనుమానించండి, ఆ తర్వాత ల్యాబ్ శాతాల్ని. అన్నీ అయ్యాకే సిగ్మా.

వాన, డ్రై డే, తేదీలు

తలకు దోమలు ఏడాదంతా ఒకేలా ఉండవు. సంపులు, డ్రమ్ములు, కూలర్లు, కొబ్బరి చిప్పలు, కట్టుబడి సైట్లలో నీళ్ల తొట్లు నిండాక గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు. నిల్వ నీళ్లు పారబోసే శుక్రవారం ‘డ్రై డే’ వారానికోసారి పెట్టింది అందుకే. మోడల్‌లో వానను నేరుగా కేసులకు ముడిపెట్టకండి, దోమల సంఖ్యకు పెట్టండి. దోమలో వైరస్ సిద్ధమయ్యే ఆలస్యాన్ని షీటే చూసుకుంటుంది. మొత్తం ఆలస్యాన్ని చేత్తో చూసుకోవాలంటే: దోమ పుట్టడానికి 8 రోజులు, డెంగీ వైరస్ సిద్ధం కావడానికి 10, కుట్టాక జ్వరం రావడానికి 5, జ్వరం వచ్చాక పరీక్షకు వెళ్లడానికి 4. మొత్తం 27 రోజులు. చికున్‌గన్యాకు 21.

అందుకని ఈ శుక్రవారం ఒక వార్డులో డ్రై డే గట్టిగా జరిగితే వచ్చే సోమవారం కేసులు తగ్గలేదని దాన్ని కొట్టిపారేయలేం. తొట్లు ఖాళీ చేసిన ఫలితం చికున్‌గన్యాలో మూడో వారం చివర, డెంగీలో నాలుగో వారంలో కనిపించడం మొదలవుతుంది. ఫాగింగ్ పెద్ద దోమల్ని చంపుతుంది కనుక 5, 4 కలిపి తొమ్మిదో రోజు నుంచే తేడా తెలియాలి. వార్డు ఆఫీసులో అడిగి ఏ రోజు ఏ పని జరిగిందో తేదీలతో షీట్‌లో ఒక కాలమ్ రాసుకోండి. మోడల్ గీతను, కేసుల గీతను ఆ తేదీకి ఈ రోజులు కలిపి అక్కడి నుంచి పోల్చండి, రెండు వ్యాధులకూ విడివిడిగా.